నాడీ మూలకణాల మీద ఎఫ్‌జీఎఫ్-2 ప్రభావం

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క ప్రోటీన్ గురించే మాట్లాడతాను. నాడీ మూలకణాలు, అంటే మెదడు కణాలను పుట్టించే కణాలు, పెంచే ల్యాబుల్లో ఎఫ్‌జీఎఫ్-2 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను (కణాల పెరుగుదలను నడిపే ప్రోటీన్) చాలామంది కణాలకు వేసే మేతలా చూస్తారు. నిజానికి అది ఒక సంకేతం. అది అందుతున్నంతసేపు కణం విభజన చెందుతూ ఉంటుంది, ఆగిపోతే న్యూరాన్‌గానో, న్యూరాన్లకు తోడుగా ఉండే ఆస్ట్రోసైట్‌గానో మారడం మొదలుపెడుతుంది. అందుకే ఎంత వేశామన్న దానికంటే ఎంత నిలకడగా అందుతోందన్నదే ముఖ్యం.

పూర్తిగా ఎదిగిన చిట్టెలుకల మెదడు నుంచి తీసిన కణాలు గ్రోత్ ఫ్యాక్టర్ ఉంటే గుండ్రటి గుంపులుగా పెరుగుతాయని 1992లో రేనాల్డ్స్, వైస్ చూపించారు. వాళ్లు వాడింది ఈజీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్. ఇప్పుడు చాలాచోట్ల రెండూ కలిపి, ఒక్కొక్కటి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల చొప్పున వాడుతున్నారు.

ఎఫ్‌జీఎఫ్-2 తన రిసెప్టర్‌ను (కణం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) గట్టిగా పట్టుకోవాలంటే కణం ఉపరితలం మీది హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసు తోడు కావాలి. ఆ తోడుతో రెండు రిసెప్టర్లు జతకట్టి ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అక్కణ్నుంచి కణం లోపలి రాస్, ఈఆర్‌కే అనే ప్రోటీన్ల మీదుగా సంకేతం కేంద్రకానికి చేరి కణచక్రాన్ని ముందుకు నడుపుతుంది. కణాలు పెరిగే ద్రవంలో (మీడియం) మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల హెపారిన్, అంటే హెపరాన్ సల్ఫేట్‌ను పోలిన పదార్థం, కలిపేది ఇందుకే. అది ప్రోటీన్‌ను వేడి నుంచి కూడా కొంత కాపాడుతుంది.

అసలు చిక్కు ఆ వేడి దగ్గరే ఉంది. ఈజీఎఫ్‌లో ఉన్నవి 53 అమైనో ఆమ్లాలే, అయినా మూడు డైసల్ఫైడ్ బంధాలు దాన్ని బిగించి ఉంచుతాయి. ఎఫ్‌జీఎఫ్-2లో అలాంటి బంధం ఒక్కటీ లేదు. 37 డిగ్రీల దగ్గర ఒక్కరోజులోనే దాని చురుకుదనం చాలావరకు పోతుంది. సోమవారం మీడియం మార్చి గురువారం దాకా వదిలేస్తే, మధ్యలో కణాలకు సంకేతం దాదాపు అందదు. గుంపుల అంచుల నుంచి పోగులు సాగుతాయి, కొన్ని అడుక్కి అతుక్కుంటాయి, విభజన మందగిస్తుంది. అప్పుడు ఇంక్యుబేటర్‌నో సప్లిమెంట్ బ్యాచ్‌నో అనుమానిస్తాం. మోతాదు రెట్టింపు చేసినా పెద్దగా లాభం లేదు, ఒక అర్ధాయువు (చురుకుదనం సగానికి పడిపోయే సమయం) మేరకు గడువు పెరుగుతుందంతే. కనీసం రోజు విడిచి రోజు, వీలైతే రోజూ తాజాగా వేయడమే మేలు.

స్టాక్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు ఉంటే, 10 మిల్లీలీటర్ల మీడియంకు 2 మైక్రోలీటర్లు సరిపోతాయి. కానీ అంత కొద్ది పరిమాణంలో పిపెట్ తప్పు పెద్దదవుతుంది. ముందు పదింతలు పలచన చేసి 20 మైక్రోలీటర్లు వేయండి. పలచన చేసే ద్రవంలో 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) తప్పనిసరి, లేకపోతే ప్రోటీన్ గొట్టం గోడకే అంటుకుపోతుంది. చిన్న వంతులుగా గడ్డకట్టించండి, కరిగించినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. సీరం జోలికి పోవద్దు, కణాలు ఆస్ట్రోసైట్ల వైపు మళ్లుతాయి.

గుంపులు 150 నుంచి 200 మైక్రాన్లకు చేరేసరికి విడదీయాలి. ఇంకా పెరగనిస్తే నడిమధ్యలోని కణాలు ఆక్సిజన్ అందక నల్లబడి చచ్చిపోతాయి. గుంపుల లెక్కే మూలకణాల లెక్క అనుకోవడం మాత్రం పొరపాటు. ఈజీఎఫ్‌కు స్పందించి, వేగంగా విభజన చెందే మధ్యంతర కణాలు కూడా గుంపులు కడతాయి. పైగా ప్లేటు కదిపితే విడి గుంపులు కలిసిపోతాయి. ఒక కణం నుంచి ఎన్ని రకాలు పుట్టాయని చెప్పాలంటే ప్లేటులోని ఒక్కో గుంటకు ఒక్క కణమే వేసి చూడాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటుంది. ఎఫ్‌జీఎఫ్-2 కణాల చిరునామానే మార్చేస్తుంది. వెన్నుపాములో వీపు వైపు ఉండే కణాలను దీనిలో పెంచితే, సాధారణంగా పొట్ట వైపు భాగంలో కనిపించే ఆలిగ్-2 జన్యువు వాటిలో మేల్కొంటుంది. దాంతో ఒలిగోడెండ్రోసైట్లు (నరాల పోగుల చుట్టూ తొడుగు కట్టే కణాలు) తయారుచేసే శక్తి వస్తుంది. ఆ శక్తి కణజాలంలోనే ఉందా, మన డిష్‌లో వచ్చిందా? కణాలు తీసిన రోజే, ఎఫ్‌జీఎఫ్-2 తగలకముందే కొన్నింటిని రసాయనంతో ఉన్నవి ఉన్నట్టే నిలిపి (ఫిక్స్ చేసి) ఆలిగ్-2కు రంగు వేసి ఉంచుకోండి. పెంపకం తర్వాత కనిపించినదాన్ని వాటితో పోల్చి చూడండి.