గుడిగంట ఎంత దూరాన మోగింది?

అందరికీ నమస్కారం.

విశ్వం విస్తరిస్తోందని మీకు తెలుసు. ఎంత వేగంగా అన్నదగ్గరే పేచీ. విశ్వం తొలినాటి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్క 67. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాలు, పేలిపోయే నక్షత్రాలైన సూపర్‌నోవాలతో కట్టిన లెక్క 73. అంటే దూరం 32.6 లక్షల కాంతి సంవత్సరాలు పెరిగిన కొద్దీ గెలాక్సీల వేగం సెకనుకు అన్నేసి కిలోమీటర్లు పెరుగుతుందన్నమాట. ఈ రెంటితో సంబంధం లేని మూడో కొలత కావాలి.

1986లో భౌతిక శాస్త్రవేత్త బెర్నార్డ్ షుట్జ్ ఒక దారి చూపించారు. గుడిగంటనే తీసుకోండి. స్వరాన్ని బట్టి అది పెద్ద గంటో చిన్న గంటో చెప్పేస్తాం. పెద్ద గంట సన్నగా వినబడితే గుడి దూరంలో ఉన్నట్టే. రెండు నక్షత్రాలు గిరగిరా తిరిగి ఢీకొన్నప్పుడూ అంతే. అప్పుడు పుట్టే గురుత్వ తరంగం, అంటే స్థలకాలంలో లేచే అల, దాని లయ ఎంత త్వరగా పెరిగిందో చూస్తే అసలు బలం తెలుస్తుంది, మనదాకా ఎంత చేరిందో చూస్తే దూరం తేలుతుంది. అయితే ఆ నక్షత్రాలున్న గెలాక్సీ ఎంత వేగంగా వెళ్తోందో గంట చెప్పదు. అది టెలిస్కోపే చెప్పాలి.

2017 ఆగస్టు 17న ఆ రెండూ దొరికాయి. గురుత్వ తరంగాలను పట్టే, అమెరికాలోని రెండు లైగో డిటెక్టర్లలో, ఢీకొన్న న్యూట్రాన్ నక్షత్రాల (పెద్ద నక్షత్రం పేలాక మిగిలే అతిదట్టమైన గోళాల) తరంగం సుమారు 100 సెకన్లు నమోదైంది. ఇటలీలోని అలాంటి డిటెక్టర్ వర్గోలో దాదాపు ఏమీ లేదు. నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. వర్గో పనిచేస్తూనే ఉంది. అయినా పట్టుకోలేదంటే, తరంగం దానికి సరిగా వినపడని దిక్కు నుంచి వచ్చి ఉండాలి! ఆ మౌనం వల్లే వెతకాల్సిన ఆకాశం 28 చదరపు డిగ్రీలకు తగ్గింది. సుమారు 11 గంటల తర్వాత చిలీలోని స్వోప్ టెలిస్కోప్ తీసిన ఫొటోలో, ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో, పాత ఫొటోలో లేని చుక్క ఒకటి కనబడింది.

దూరం దాదాపు 14 కోట్ల కాంతి సంవత్సరాలు. వేగం సెకనుకు సుమారు 3,000 కిలోమీటర్లు. లెక్క కడితే 70 వచ్చింది. కానీ ఆ నక్షత్రాలు తిరిగిన కక్ష్య మనవైపు ఎంత వాలి ఉందో కచ్చితంగా తెలియదు, ఆ వాలును బట్టి మనదాకా చేరే బలమూ మారుతుంది కాబట్టి 62 నుంచి 82 దాకా ఎంతైనా కావచ్చు.

కృష్ణబిలాలు ఢీకొంటే ఆ చుక్క కూడా ఉండదు. అప్పుడు ఆదుకునేది గెలాక్సీల సర్వే. న్యూట్రాన్ నక్షత్రాల తరంగానికి మూడు రోజుల ముందు, ఆగస్టు 14న అలాంటి తరంగమే వచ్చింది. డార్క్ ఎనర్జీ సర్వే ఆ ఆకాశభాగంలోని వేలాది గెలాక్సీలను తీసుకుని, తరంగం వీటిలో దేనిదైనా కావచ్చని అన్నిటినీ లెక్కలో కలిపింది. 75 వచ్చింది, అటూ ఇటూ 43 నుంచి 115 దాకా. ఒక్క తరంగంతో అంతే వస్తుంది. వందల తరంగాలు కలిపితే ఆ వెడల్పు తగ్గుతూ పోతుంది.

నిజామాబాద్ నుంచి బాసర, నాందేడ్ దాటి వెళ్తే హింగోలి జిల్లా వస్తుంది. అక్కడి ఔంఢాలో లైగో ఇండియా కోసం 2023లో కేంద్రం సుమారు 2,600 కోట్లు మంజూరు చేసింది. అంత దూరాన ఇంకో చెవి ఉంటే తరంగం వచ్చిన దిక్కు మరింత ఇరుకవుతుంది, లెక్కలోకి తీసుకోవాల్సిన గెలాక్సీలూ తగ్గుతాయి.