ఎర్రమట్టి తాగిన ఇంజన్
(అనంతపురంలో ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థుల ముందు ఒక మెకానిక్ చేసిన ప్రసంగం)

సార్లకు నమస్కారం. పిల్లలూ, బాగున్నారా.

బెంగళూరు రోడ్డు పక్కన ఇరవై నాలుగేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. తక్కువ ఖర్చులో కారు పికప్ పెంచుకుంటే ఇంజన్ దెబ్బతింటుందా, దాని గురించి పిల్లలకు చెప్పమని మీ సార్ పిలిచారు. దెబ్బతింటుంది. ఎట్లా దెబ్బతింటుందో చూపించడానికి సంచిలో మూడు వస్తువులు తెచ్చాను.

మొదటిది ఈ రబ్బరు పైపు. ఎయిర్ ఫిల్టర్‌కూ, ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బోకూ మధ్య ఉంటుంది. ఇది ఒక డీజిల్ కారుది. బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బాడుగలు తిప్పే పిల్లోడి బండి. ఒకరోజు ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు కొన్న కోన్ ఫిల్టర్ పట్టుకొచ్చి, "అన్నా, కంపెనీ డబ్బా పీకేసి ఇది బిగించు, పికప్ బాగా వస్తుందంట" అన్నాడు. వద్దురా అని ఒకసారి చెప్పాను. వాడు వినలేదు. రెండోసారి చెప్పకుండా బిగించి, 200 కూలి తీసుకున్నాను. ఆ తప్పు నాదే.

ఎనిమిది నెలలకు బండి మళ్లీ వచ్చింది. నల్లపొగ, ఆయిల్ తగ్గిపోవడం, గేరు ఎక్కిస్తే లాగకపోవడం. ఈ పైపు ఊడదీసి లోపల వేలు పెట్టి తిప్పాను. వేలు బయటికి తీస్తే ఎర్రగా ఉంది. మన చేల మట్టి! ఫిల్టర్ దాటినాక ఒక్క రేణువు కూడా ఉండకూడని చోట, శెనక్కాయలు పీకిన చేతికి అంటినట్టు అంటింది.

ఇంజన్ ఎంత గాలి తాగుతుందో ఒక్క లెక్క చూడండి. ఒక కేజీ పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కేజీల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు తొమ్మిది వేల లీటర్ల గాలి. డీజిల్‌కు ఇంకా ఎక్కువే. ఇక్కడి నుంచి బెంగళూరు పోయేలోపు పది లీటర్ల డీజిల్ కాలిందనుకున్నా, లక్ష లీటర్ల పైచిలుకు గాలి ఆ పైపులోంచే పోవాలి. మనది వానలు తక్కువ పడే జిల్లా. ఎండాకాలం సుడిగాలి లేస్తే ముందున్న లారీ కూడా కనపడదు. ఆ గాలిని వడగట్టడానికే కంపెనీవాళ్లు అంత పెద్ద డబ్బా పెట్టి, కాగితాన్ని మడతలు మడతలుగా దాంట్లో కూర్చారు. మడతలన్నీ విప్పి పరిస్తే ఎంత వస్తుందో మీ ల్యాబ్‌లో పాత ఫిల్టర్ ఒకటి విప్పి చూడండి.

ఇసుక రేణువు సిలిండర్ చేసిన పోత ఇనుము కంటే గట్టిది. లోపలికి పోయిన దుమ్ము సిలిండర్ గోడమీది ఆయిల్‌తో కలిస్తే ఏమవుతుంది? వాల్వులు నూరడానికి మనం వాడే గ్రైండింగ్ పేస్టు అవుతుంది. దాన్ని పిస్టన్ చుట్టూ ఉండే రింగులు నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ రుద్దుతాయి. ఇంక కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే బిగువు, ఎక్కడ మిగులుతుంది?

రెండో వస్తువు అదే బండి టర్బోలోని చక్రం. ఇది నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. రెక్కల అంచులు చూడండి, ఎలుక కొరికినట్టు లేవూ? కొత్త టర్బో, రింగులు, ఇంజన్ దించిన కూలి, లేత్ ఖర్చు అన్నీ కలిపి ఆ పిల్లోడి మూడు నెలల బాడుగలు పోయాయి. ఇంట్లో వాళ్లమ్మ కమ్మలు కుదువపెట్టిన సంగతి నాకు తర్వాత తెలిసింది.

పోనీ, ఆ ఫిల్టర్‌తో పికప్ అయినా వచ్చిందా అంటే అదీ లేదు. కంపెనీ డబ్బా గ్రిల్ దగ్గరి చల్లగాలి తీసుకుంటుంది. ఈ కోన్ బానెట్ కింద వేడిగాలి పీలుస్తుంది. 40 డిగ్రీల గాలికి బదులు 70 డిగ్రీల గాలి పోతే, అదే పరిమాణంలో దాదాపు తొమ్మిది శాతం తక్కువ గాలి ఉంటుంది. పెరిగిందల్లా బుస్సుమనే శబ్దం. శబ్దం పెరిగితే బండి ఉరుకుతున్నట్టే అనిపిస్తుంది.

మూడోది, ఇదిగో, ఈ చిన్న రెసిస్టర్. ఎలక్ట్రానిక్స్ షాపులో చిల్లర డబ్బులకే దొరుకుతుంది. నల్ల టేపు చుట్టి, పవర్ చిప్ అని పేరు పెట్టి వందలకు అమ్ముతారు. లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉందో కొలిచే సెన్సార్ ఉంటుంది కదా. గాలి చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడైతే తక్కువ. ఈ ముక్క పెడితే రెసిస్టెన్స్ ఎప్పుడూ ఎక్కువే కనపడుతుంది. బయట మే నెల ఎండ 42 డిగ్రీలు కాస్తుంటే, బండిలోని కంప్యూటర్ మాత్రం డిసెంబరు తెల్లవారుజాము అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, స్పార్క్ ముందుకు జరుపుతుంది, అంటే ముందుగానే వెలిగిస్తుంది. మామూలుగా పోతుంటే ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్ చెప్పేది చూసి కంప్యూటర్ పెట్రోలును సర్దుతుంది, మీకు తేడా తెలియదు. పెనుకొండ దాటి ఎత్తు ఎక్కుతూ పెడల్ పూర్తిగా తొక్కారనుకోండి, అప్పుడు ఆ సర్దుబాటు ఉండదు. వేడిగాలికి ముందుకు జరిగిన స్పార్క్ తోడైతే ఇంజన్ నాకింగ్ కొడుతుంది, అంటే లోపల మిశ్రమం అదుపు తప్పి పేలి టకటకమంటుంది. అదే పనిగా కొడితే పిస్టన్‌కు రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోతుంది.

మీలో రైతుల పిల్లలు ఎంతమంది? చేతులు ఎత్తండి. సగంమంది పైనే ఉన్నారు. అయితే మీకు తొందరగా అర్థమవుతుంది. బోరు మోటరు స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. ఓల్టేజీ తగ్గి మోటరు కరెంటు ఎక్కువ లాగితే అది ట్రిప్ అవుతుంది. చేనుకు నీళ్లు పారాలని, మాటిమాటికీ నడిచిపోలేక, కొందరు దానికి పుల్ల అడ్డం పెడతారు. మోటరు ఆగదు. రెండు రోజులకు వైండింగ్ కాలిపోతుంది. మోటరు బలం పెరగలేదు, కాపలా ఉన్నదాని నోరు మూయించాం, అంతే. ఈ రెసిస్టర్ చేసేదీ అదే పని.

డీజిల్ బండ్లకు అమ్మే చవక ట్యూనింగ్ బాక్సులూ ఈ కోవలోవే. ఇంజెక్టర్లకు డీజిల్ పంపే రైల్ అనే గొట్టంలో 1,600 బార్ ఒత్తిడి ఉంటే, తక్కువ ఉందని కంప్యూటర్‌కు చెప్తాయి. అది ఇంకా పెంచుతుంది. మీ కారు టైరులో ఉండేది రెండు బార్లకు కొంచెం ఎక్కువ. దానికి ఏడు వందల రెట్లున్న చోట అబద్ధం చెప్పడం అది! వీటితో నిజంగా పికప్ వస్తుంది, నేను కాదనను. అందుకే ఇవి ఇంకా ప్రమాదం. డీజిల్ పెరిగి గాలి చాలకపోతే నల్లపొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, టర్బో, పిస్టన్ తల ఆ వేడిని మోయాలి.

ఓబీడీ సాకెట్‌లో, అంటే మెకానిక్ స్కానర్ తగిలించే చోట, పెట్టే మైలేజీ ప్లగ్గులు నేను విప్పినవాటిలో లైట్లు ఆర్పి వెలిగించే సర్క్యూట్ తప్ప ఏమీ లేదు. డబ్బు దండగ. కంపెనీ సైలెన్సర్ తీసి వేరే రకం పెట్టడం, పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకడం అసలు చట్టానికే విరుద్ధం, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడండి.

అన్ని మార్పులూ చెడ్డవని నేను చెప్పను. బండి కంప్రెషన్ ముందు చూసి, ఇంజన్ బలం కొలిచే డైనోమీటర్ మీద నడిపి, వేడి, గాలి-ఇంధన మిశ్రమం రికార్డు చేస్తూ రీమ్యాప్, అంటే కంప్యూటర్ లెక్కలు మార్చడం, చేసేవాళ్లు ఉన్నారు. క్లచ్, బ్రేకులు కూడా దానికి తగ్గట్టు చూస్తారు. దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టలేనివాళ్లకు నేను చెప్పేది వేరే: మంచి ఫిల్టర్ వేసి, మన దుమ్ముకు పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చండి. టైర్లలో గాలి చూడండి. ఇంజెక్టర్లు మూసుకుపోకుండా, బ్రేకులు పట్టేయకుండా చూసుకోండి. పోయిందనుకున్న పికప్‌లో చాలావరకు అక్కడే దొరుకుతుంది.

రేపు మీ దగ్గరికీ ఒక పిల్లోడు తొమ్మిది వందల ఫిల్టర్ పట్టుకుని వస్తాడు. వద్దని రెండోసారి కూడా చెప్పండి. మూడోసారి వాదిస్తే ఈ పైపు చూపించండి. దీన్ని నేను కడగలేదు. ఇప్పుడు ముందు వరుస నుంచి పంపుతున్నాను, ఒక్కొక్కరూ లోపల వేలు పెట్టి తిప్పి వెనక్కి ఇవ్వండి.