ఐసీయూలో పసిబిడ్డ, మూడు రోజుల్లో జీనోమ్: ఖర్చు ఎవరిది, మిగులు ఎవరికి?

[తెరపై: పిల్లల ఐసీయూ, మానిటర్ చప్పుడు]

బిడ్డకు ఐదు వారాలు. ఆగని ఏడుపు, ఆపైన ఫిట్స్. అమ్మానాన్నలు ఫస్ట్ కజిన్స్. ముందు పుట్టిన బిడ్డ ఇలాగే జబ్బుపడి, కారణం తేలకుండానే పోయింది. అమెరికాలోని శాన్ డియాగోలో, రేడీ పిల్లల ఆసుపత్రి కేసు ఇది, 2021లో ప్రచురించారు. రక్తం తీసి, బిడ్డ జన్యు సమాచారం మొత్తాన్ని (జీనోమ్) చదివే పరీక్ష చేస్తే, ఒక రోజు తిరక్కుండానే జవాబు వచ్చింది: ఎస్‌ఎల్‌సీ19ఏ3 జన్యువులో లోపం. థయమిన్ (విటమిన్ బీ1) మెదడుకు సరిగా అందడం లేదు. మందు ఏమిటంటే థయమిన్, బయోటిన్. అవును, విటమిన్లే! కొన్ని గంటల్లో బిడ్డ సీసాపాలు తాగింది.

మేనరికాలున్న మన ఇళ్లలోనూ లెక్క ఇదే. ఒకే తాత నుంచి వచ్చిన ఇలాంటి లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

[తెరపై: రక్తం ట్యూబులు మూడు]

బిడ్డ నుంచి సుమారు ఒక మిల్లీలీటరు రక్తం చాలు. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉన్న ట్యూబులోకే తీయాలి; హెపారిన్ ట్యూబులో తీస్తే ల్యాబులో పీసీఆర్‌కు, అంటే డీఎన్ఏ కాపీలు తీసే పనికి, అడ్డుపడుతుంది. గడ్డకట్టిందా, మళ్లీ సూదే. అమ్మానాన్నల రక్తం కూడా అదే రోజు పంపాలి. అది లేకపోతే, దొరికిన మార్పు కొత్తగా పుట్టిందా, వారసత్వంగా వచ్చిందా అన్నది తేలక రిపోర్టు 'అర్థం స్పష్టంగా లేని మార్పు' దగ్గరే ఆగిపోవచ్చు. ఎక్కువగా తప్పు జరిగేది ఫారం దగ్గర. 'సీరియస్‌గా ఉంది' అని రాస్తే ల్యాబుకు ఏం తెలుస్తుంది? ఫిట్స్, రక్తంలో లాక్టేట్ మోతాదు, ఎంఆర్‌ఐలో కనిపించింది, అన్నీ రాయాలి. లక్షల మార్పుల్లోంచి అసలుదాన్ని వడపోసేది ఆ లక్షణాలతోనే.

[తెరపై: 184 → 74 → 58]

ఇక డబ్బు. 2018 నవంబరు నుంచి 2020 మే దాకా కాలిఫోర్నియాలో 'ప్రాజెక్ట్ బేబీ బేర్' నడిచింది. ఐదు ఆసుపత్రులు, ఏడాదిలోపు వయసున్న 184 మంది పిల్లలు, అందరూ ప్రభుత్వ బీమా మెడీ-కాల్ కింద ఉన్నవాళ్లే. 74 మందికి జబ్బు పేరు తెలిసింది. మధ్యస్థంగా (మీడియన్) మూడు రోజుల్లో. 58 మందికి వైద్యమే మారింది. పరీక్షలకు, వాటి వెంట నడిచిన సలహాకు అయిన ఖర్చు 17 లక్షల డాలర్లు, అంటే బిడ్డకు సుమారు 9,200 డాలర్లు. దానివల్ల తగ్గిన వైద్య ఖర్చు 22 నుంచి 29 లక్షల డాలర్లు.

మిగులు అందరి దగ్గరా సమానంగా రాదు. అనవసరమైన ఆపరేషన్ తప్పిన బిడ్డ దగ్గర, వారాల ఐసీయూ తగ్గిన బిడ్డ దగ్గర వస్తుంది. అందుకే చేరిన మొదటి వారంలోనే, లేదా చికిత్సకు స్పందన తేడాగా కనిపించగానే, పరీక్షకు పంపారు. ఇరవయ్యో రోజున పంపితే? పరీక్ష ధర మారదు, తప్పించగలిగిన ఖర్చు మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది.

మెలిక ఇంకొకటి ఉంది. బీమా సంస్థ ఆసుపత్రికి కేసు మొత్తానికి ఒకే ప్యాకేజీ ఇస్తే, పరీక్ష బిల్లు ఆసుపత్రి మీద పడుతుంది, మిగులు బీమాకు పోవచ్చు. ఇక ఆర్డరు పెట్టేదెవరు? కాలిఫోర్నియా చట్టం చేసి, 2022 జనవరి 1 నుంచి ఐసీయూలో ఉన్న ఏడాదిలోపు పిల్లలకు ఈ పరీక్ష ఖర్చు మెడీ-కాల్ భరించేలా చేసింది.