బ్రహ్మసముద్రం పట్టని గడి

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక డేటాబేస్ టెస్టుల గురించి వినమనడం కొంచెం అన్యాయమే. అందుకని మనకు తెలిసిన ఊరి పేరుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట మేం నలుగురం కలిసి ఒక చెనక్కాయల వ్యాపారికి బిల్లుల ప్రోగ్రాం రాశాం. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, అంతే. ఊరి పేరుకు 10 అక్షరాలు చాలనుకుని ఆ గడిని వార్‌చార్ 10, అంటే 10 అక్షరాలు దాటని మాట, అని పెట్టాం. టెస్టులన్నీ పాసయ్యాయి. పనిలో పెట్టిన మొదటి రోజు రాయదుర్గం రైతుకు బిల్లు వచ్చింది, గుంతకల్లు రైతుకు వచ్చింది. బ్రహ్మసముద్రం నుంచి వచ్చిన పెద్దాయనకు మాత్రం రాలేదు. ఎర్రగా ఒక ఎర్రర్. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "మా ఊరంటే మీ మిషన్‌కు పడదా నాయనా?" అన్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. బ్ర, హ్మ, స, ము, ద్రం అని మన కంటికి 5 అక్షరాలే. కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో హల్లు వేరు, పొల్లు వేరు, కొమ్ము వేరు, సున్నా వేరు. అన్నీ కలిపితే 13. మా ప్రోగ్రాం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, అది లెక్కపెట్టేది ఈ 13నే. రాయదుర్గం 9తో గట్టెక్కింది.

టెస్టుల్లో ఆ ఊరు లేదేమో అనుకుంటున్నారు కదా? ఉంది. అదే అసలు సిగ్గుచేటు. టెస్టులను మేం పోస్ట్‌గ్రెస్ మీద నడపలేదు, వేగంగా అవుతాయని ఎస్‌క్యూలైట్ అనే ఇంకో చిన్న డేటాబేస్ మీద నడిపాం. అది మంచి డేటాబేసే. కానీ వార్‌చార్ 10 అని రాసినా ఆ నిడివిని పట్టించుకోదు. ఫారిన్ కీ తనిఖీ, అంటే ఒక టేబుల్ చూపించే వరుస ఇంకో టేబుల్‌లో నిజంగా ఉందా అన్న తనిఖీ, కూడా మామూలుగా మనం ఆన్ చేస్తేనే చేస్తుంది. జావా భాషలో రాసేవాళ్లు హెచ్2 అనే డేటాబేస్‌ను ఇలాగే వాడతారు. దానికి పోస్ట్‌గ్రెస్‌లా నడుచుకునే మోడ్ ఉంది కదా అంటారు. మోడ్ పెట్టినంత మాత్రాన అది పోస్ట్‌గ్రెస్ కాదు. ఏ డేటాబేస్ మీద ప్రోగ్రాం బతకాలో, ఆ డేటాబేస్ మీదే, వీలైతే అదే వెర్షన్ మీదే టెస్టులు నడపాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి.

సరే, పోస్ట్‌గ్రెస్‌కు మారాం. మళ్లీ తప్పు చేశాం. ఆఫీసులో ఒక మూల ఉన్న మిషన్ మీద ఒకే టెస్ట్ డేటాబేస్ పెట్టి అందరం దానికే కనెక్ట్ అయ్యాం. నా టెస్టు "మొత్తం 3 బిల్లులు ఉండాలి" అంటుంది. అదే నిమిషంలో పక్కవాడి బిల్డ్, అంటే ప్రోగ్రాంను కట్టి టెస్టులు నడిపే పని, ఇంకో 2 వేస్తుంది. నాది ఫెయిల్. మళ్లీ నడిపితే పాస్. ఇలా వారం జరిగితే ఎర్ర బిల్డ్‌ను ఎవరూ పట్టించుకోరు, "ఇంకోసారి నొక్కు, పోతుంది" అంటారు. టెస్టులు లేకపోవడం కంటే ఇది ప్రమాదం.

ఇప్పుడు ప్రతి బిల్డ్ తన డేటాబేస్‌ను తానే పుట్టించుకుంటుంది. డాకర్ అనే సాధనంతో పోస్ట్‌గ్రెస్ కంటెయినర్, అంటే విడిగా నడిచే ఒక డబ్బా, లేస్తుంది, ఫ్లైవే అనే సాధనం మొదటి మైగ్రేషన్ (టేబుళ్లలో మార్పులు రాసిన ఫైలు) నుంచి చివరిదాకా నడిపి టేబుళ్లు కడుతుంది, టెస్టులు అయ్యాక కంటెయినర్ పోతుంది. మైగ్రేషన్లకూ పరీక్ష జరిగినట్టే. టెస్ట్‌కంటెయినర్స్ అనే లైబ్రరీ ఈ పనంతా చూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ మామూలు పోర్ట్ (కనెక్షన్ తలుపు నంబర్) 5432 అని గట్టిగా రాయకండి, ఖాళీగా ఉన్నది తీసుకోనివ్వండి. లేకపోతే ఒకే మిషన్‌లో రెండు బిల్డులు కొట్టుకుంటాయి.

ఒక చిన్న గోతి ఉంది. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్, అంటే కంటెయినర్‌కు అచ్చు, మొదటిసారి లేచేటప్పుడు సర్వర్‌ను తాత్కాలికంగా లేపి, యూజర్, డేటాబేస్ చేసి, ఆపి, మళ్లీ లేపుతుంది. కాబట్టి లాగ్‌లో 'రెడీ' అనే మాట రెండుసార్లు వస్తుంది. మొదటిది చూసి పరుగెత్తితే కనెక్షన్ తెగుతుంది. నేను దీని మీద ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాను.

టెస్టుకీ టెస్టుకీ మధ్య శుభ్రం చేయడానికి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, చివర్లో రోల్‌బ్యాక్ చేయడం, అంటే అందులో చేసినవన్నీ రద్దు చేయడం, సులువైన దారి. అయితే వరుస నంబర్లిచ్చే సీక్వెన్స్ వెనక్కి రాదు. బిల్లు నంబర్ 1 రావాలని రాసిన టెస్టుకు ఇంకోసారి 7 వస్తుంది. నంబర్ ఎంతో అడగకండి, ఆ నంబర్‌తో బిల్లు దొరుకుతోందా అని అడగండి.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. కంటెయినర్ మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది, మనం 5 గంటల 30 నిమిషాలు ముందు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 3 గంటలకు తూకం వేసిన లారీ, యూటీసీలో మార్చి 31 రాత్రి 9.30కి వేసినట్టు. ఏకంగా ఆర్థిక సంవత్సరమే మారిపోయింది! "ఈరోజు బిల్లులు" అనే మా టెస్టు పగలంతా పాసయ్యేది. అర్ధరాత్రి దాటాక 5.30 దాకా మాత్రమే ఫెయిలయ్యేది. అర్ధరాత్రి పనిచేసేది నేనొక్కణ్ణే కాబట్టి తప్పు నా లాప్‌టాప్‌దని తేల్చేశారు.

వేగం గురించి అడుగుతారు. కంటెయినర్‌ను టెస్టుకొకటి కాకుండా బిల్డ్‌కొకటి లేపండి. టేబుళ్లు కట్టిన డేటాబేస్‌ను టెంప్లేట్‌గా పెట్టుకుని కాపీలు తీయండి. ఎఫ్‌సింక్, అంటే రాసిన డేటా డిస్క్‌లోకి చేరేదాకా ఆగే పని, ఆపేయండి. కరెంటు పోతే డేటా పోతుంది, పోనీ, టెస్టు డేటానే కదా. అసలు సర్వర్‌లో మాత్రం ఆ పని చేయకండి. కమిషన్ లెక్కకట్టే ఫంక్షన్‌కు డేటాబేస్ ఎందుకు? అలాంటివాటి టెస్టులను ముందు, విడిగా నడపండి.

జావా బిల్డుకు మేవెన్ వాడేవాళ్లు డేటాబేస్ టెస్టులను, టెస్టులు నడిపే దాని రెండు ప్లగిన్లలో ష్యూర్‌ఫైర్‌కు కాక ఫెయిల్‌సేఫ్‌కు అప్పగించండి. ష్యూర్‌ఫైర్ టెస్టు ఫెయిల్ కాగానే బిల్డ్ ఆపేస్తుంది. ఫెయిల్‌సేఫ్ మనం లేపినవన్నీ దించేదాకా ఆగి, వెరిఫై దశలో ఫెయిల్ చేస్తుంది. అందుకే కమాండ్‌లో వెరిఫై అనే రాయాలి.

ఇక లాప్‌టాప్ తెరుస్తాను. ఇమేజ్ ముందే దించుకుని వచ్చాను, ఇక్కడి నెట్ మీద నమ్మకం లేక. గడిని మళ్లీ 10కి తగ్గించాను. వెనక బెంచీ వాళ్లు, మీ ఊరి పేరు ఒకటి చెప్పండి. ఒత్తులు ఎక్కువున్నది.