ట్రైబ్ ఆల్బమ్‌ని డీజే చెవితో వింటే: ‘ది లో ఎండ్ థియరీ’ రివ్యూ

[చీకటి గది. రెండు టర్న్‌టేబుళ్లు, మధ్యలో మిక్సర్. టేబుల్ ల్యాంపు వెలుగు ఒక్క రికార్డు మీదే పడుతోంది.]

ఈ రికార్డుని కాస్త దగ్గరగా చూడండి. లైటు కింద ఇలా వంచి పట్టుకుంటే గాడి అంతా ఒకే రంగులో కనిపించదు. ఇక్కడ బూడిద రంగులో మెరుస్తోంది. ఇదిగో, ఇక్కడ నల్లగా, నున్నగా ఉంది. మెరిసే చోట డ్రమ్స్ గట్టిగా మోగుతుంటాయి. నల్లగా ఉన్న చోట సందడి తక్కువ. సూది ఎక్కడ దించాలో డీజేకి చెవి కంటే ముందు కన్ను చెప్పేది ఇలాగే.

ఇప్పుడు అంచు దగ్గర చూడండి, ఆల్బమ్ మొదలయ్యే చోటు. సన్నటి నల్ల పట్టీ కనిపిస్తోందా? ఆ పట్టీ గురించే ఈ వీడియో.

[కెమెరా నా వైపు.]

ఈ ఆల్బమ్ ‘ది లో ఎండ్ థియరీ’. చేసింది న్యూయార్క్ క్వీన్స్‌కి చెందిన హిప్-హాప్ బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్. 1991 సెప్టెంబర్ 24న వచ్చింది. మైకు మీద క్యూ-టిప్, ఫైఫ్ డాగ్. డీజే అలీ షహీద్ ముహమ్మద్.

హిప్-హాప్ రివ్యూ అనగానే చాలామంది లిరిక్స్ పట్టుకుంటారు. ఎవరు ఎవర్ని దెప్పారు, ఏ లైన్లో ఎన్ని అర్థాలున్నాయి, ఇలా. నేనూ నోట్‌బుక్‌లో రాసుకుని మరీ అర్థాలు వెతికినవాడినే. కానీ ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో, పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో పాటలు వేస్తూ వేస్తూ నాకు ఆల్బమ్ కింది నుంచి పైకి వినిపించడం మొదలైంది. ముందు బేస్, అంటే అడుగున గుమ్మనే స్వరం, తర్వాత డ్రమ్స్, ఆ తర్వాతే మాట. ఈ ఆల్బమ్ పేరులో ఉన్నదీ ఆ అడుగే. లో ఎండ్ అంటే శబ్దంలో అట్టడుగు. అమెరికా సమాజం నల్లజాతి వాళ్లను నెట్టేసిన అట్టడుగు కూడా. ఆ రెండర్థాలూ తెలిసే పెట్టిన పేరు అది.

అసలు హిప్-హాప్ పుట్టిందే డీజే చేతుల్లో. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలని ఒక పార్టీ పెట్టింది. పాటలు వేసింది వాళ్లన్న. లోకానికి తెలిసిన పేరు కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి, దరువు ఒక్కటే మోగే కొన్ని సెకన్ల దగ్గరే జనం రెచ్చిపోతారని హెర్క్ గమనించాడు. అందుకే ఒకే రికార్డువి రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోయేలోపు రెండోదాంట్లో అదే ముక్క ఎత్తుకునేవాడు. ర్యాప్ ఆ దరువు నీడలో పెరిగింది. అందుకే మాటలు మాత్రమే విని ఆల్బమ్‌కి మార్కులు వేస్తే నాకు మనసొప్పదు.

ఇక్కడ నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. డీజేగా కొత్త రోజులు. ఒక చిన్న హాల్లో పార్టీ, గోడకు బిగించిన చిన్న స్పీకర్లు, లోతైన బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్ లేదు. ఎంతో ఇష్టపడి ఈ ఆల్బమ్ మొదటి పాట ‘ఎక్స్‌కర్షన్స్’ వేశాను. హెడ్‌ఫోన్స్‌లో బేస్ నా ఛాతీ మీద కొడుతోంది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు మాత్రం దగ్గరకొచ్చి, “అన్నా, మ్యూజిక్ ఆగిపోయిందా? ఎవరో మాట్లాడుతున్నారు” అన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి విన్నాను. నిజమే. హాల్లో ఒక మనిషి ఒంటరిగా మాట్లాడుతున్నాడు, అంతే. కంగారుగా వేరే పాటలోకి మార్చేశాను. ఆ రాత్రంతా బాధేసింది. కానీ ఈ పాటను ఎలా కట్టారో నాకు అర్థమైంది కూడా ఆ రాత్రే.

[టేబుల్ మీద వేళ్లతో దరువు. కాపీరైట్ వల్ల అసలు పాట వినిపించలేను, కాబట్టి ఇలా చూపిస్తాను.]

‘ఎక్స్‌కర్షన్స్’లో ముందు బేస్ ఒక్కటే వస్తుంది. ఇంకేమీ ఉండదు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ జాజ్ బృందం రికార్డు నుంచి తీసుకున్న ముక్క అది. ఆ బేస్ మీదే క్యూ-టిప్ గొంతు ఎత్తుకుంటాడు. ఏం చెబుతాడు? టీనేజ్‌లో తను హిప్-హాప్ వింటుంటే, ఇది నాకు బీబాప్‌ని గుర్తు చేస్తోందని వాళ్ల నాన్న అన్నాడట. బీబాప్ అంటే 1940లలో న్యూయార్క్‌లో ఊపందుకున్న జాజ్. నాన్న పాట బేస్‌గా కింద, కొడుకు మాట పైన. మాట ఏం చెబుతోందో శబ్దం కూడా అదే చెబుతోంది. డ్రమ్స్ ఇంకా రాలేదు! శ్రోతను అలా గాల్లో నిలబెట్టి, ఒంట్లో దరువు కోసం ఆకలి పుట్టాక అప్పుడు దించుతారు. మొదటి పాట మొదట్లోనే ఇంత ధైర్యం చేసిన ఆల్బమ్‌లు నా అల్మరాలో చాలా తక్కువ.

రికార్డు అంచున ఉన్న నల్ల పట్టీ అదే. ఆ చిన్న హాల్లో మాయమైందీ అదే. మనిషంత ఎత్తుండే తీగవాద్యం డబుల్ బేస్‌లో అన్నిటికన్నా లోతైన తీగ మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. చిన్న స్పీకర్ అంత లోతుకు దిగలేదు. మీ ఫోన్ స్పీకర్ కూడా అంతే, ఆ స్వరం పైపొరలు వినిపిస్తుంది, అడుగు వదిలేస్తుంది.

మరి పాత రికార్డులోంచి బేస్ ఒక్కటే ఎలా లాగుతారు? కొన్నిసార్లు అది పాటలోనే ఒంటరిగా దొరుకుతుంది. దొరక్కపోతే ఫిల్టర్‌తో పై శబ్దాలన్నీ కోసేస్తారు. ట్రంపెట్, సింబల్స్ పోయి కింద గుమ్మనే బేస్ మిగులుతుంది. దాని మీద ఇంకో రికార్డు డ్రమ్స్ పేరుస్తారు. ఆ రోజుల్లో అందరి చేతుల్లో ఉన్నది, ఇలా శబ్దం ముక్కల్ని ఎక్కించుకుని వాయించే మెషీన్ ఎస్పీ-1200. దాంట్లో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పడుతుంది. అందుకే నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డుని 45 చుట్ల స్పీడులో తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ స్పీడు తగ్గించేవాళ్లు. చోటు మిగిలేది, శబ్దానికి ఒక గరుకుదనం అంటుకునేది. ఈ ఆల్బమ్‌కి ఇంజనీర్ బాబ్ పవర్. స్వయంగా సంగీతం తెలిసిన మనిషి. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ముక్కలు ఒకే గదిలో కూర్చుని వాయించినట్టు వినిపించడంలో ఆయన చెయ్యి చాలా ఉంది.

అయిదో పాట ‘వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్’కి వచ్చేసరికి రికార్డులోంచి తీసుకున్న బేస్‌తో ఆగలేదు, నేరుగా మనిషినే పిలిచారు. రాన్ కార్టర్! 1960లలో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో డబుల్ బేస్ వాయించిన ఆయన. యాభై దాటిన జాజ్ పెద్దాయన, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల ర్యాప్ పాటలో. పాటలోనే క్యూ-టిప్ ఆయన పేరు పలికి థ్యాంక్స్ చెబుతాడు. విన్న ప్రతిసారీ నాకు మనసు నిండిపోతుంది.

ఫైఫ్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. 1990లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో అతను పెద్దగా వినిపించడు. ఇక్కడ రెండో పాట ‘బగ్గిన్ అవుట్’ని తనే తెరుస్తాడు. క్యూ-టిప్ గొంతు ముక్కుతో పలికినట్టు మెత్తగా బేస్ మీద తేలుతుంది. ఫైఫ్ గొంతు స్నేర్ డ్రమ్ దెబ్బలా పడుతుంది. ఒకటి తీగ, ఒకటి డప్పు అనుకోండి. ‘చెక్ ది రైమ్’లో ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుంటూ మాటలు అందుకుంటుంటే ఆ జోడీ విలువ తెలుస్తుంది. షుగర్ జబ్బు 2016 మార్చి 22న ఫైఫ్‌ని తీసుకెళ్లిపోయింది. నలభై అయిదేళ్లే.

నచ్చనివి కూడా ఉన్నాయి. ‘షో బిజినెస్’లో బయటి రాపర్లు ఎక్కువై పాట ఇరుకైపోయింది. ‘ది ఇన్‌ఫేమస్ డేట్ రేప్’ చాలా బరువైన విషయాన్ని చాలా తేలిగ్గా పట్టుకుంది. ఇవాళ వింటే ఇబ్బందిగా ఉంటుంది, నేను ఎక్కడా వేయను. హిప్-హాప్ పత్రిక ‘ద సోర్స్’ మార్కుల్ని మైకుల్లో ఇస్తుంది, ఈ ఆల్బమ్‌కి అయిదుకి అయిదు మైకులు ఇచ్చింది. ఆ పాట వచ్చినప్పుడల్లా నేను అర మైకు తగ్గిస్తాను.

[రికార్డు చివరి వైపు తిప్పి, లైటు కింద.]

ఇక చివరి పాట ‘సినారియో’. గాడి చూడండి, ఎలా మెరుస్తోందో. లీడర్స్ ఆఫ్ ది న్యూ స్కూల్ అనే ఇంకో ర్యాప్ బృందం కూడా వచ్చి కలుస్తుంది. మొత్తం అయిదుగురు రాపర్లు, చివర్లో పందొమ్మిదేళ్ల బస్టా రైమ్స్. అతను అరుస్తాడు, గర్జిస్తాడు, మాటల్ని నములుతాడు. ఒంటరి బేస్‌తో మొదలైన ఆల్బమ్ అయిదుగురి కేకలతో ముగుస్తుంది. డీజేలు రాత్రిని నడిపేదీ ఇలాగే, చిన్నగా పట్టుకుని చివరికి పైకప్పు ఎగరగొడతాం. అందుకే ఈ పాటల్ని షఫుల్‌లో పెట్టి వినకండి, దయచేసి.

బస్టా తర్వాత ఏ పాట వేసినా నిలబడదు. చాలా రాత్రులు ప్రయత్నించాను. ఇంట్లో ఒక్కడినే ఉన్నప్పుడు మాత్రం నేను చేసేది ఒకటే. కొన్ని సెకన్లు సూదిని ఖాళీ గాడిలో చిటపటలాడనిస్తాను. తర్వాత మళ్లీ మొదటి వైపు పెట్టి, అరచెయ్యి సబ్‌వూఫర్ మీద ఆనించి...

[సూది నల్ల పట్టీ మీదకు దిగుతుంది.]