చిల్లర బాకీ: కాలయాత్ర కామెడీలో కథ నడిపే తీరు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో గుంటూరు నుంచి, తెనాలి నుంచి కూడా బస్సెక్కి వచ్చారని విన్నాను. చాలా సంతోషం. కథలు రాసే పిల్లలు ముందు వరసల్లో ఉన్నారని చెప్పారు. ఈ సాయంత్రం నా మాటలు ముఖ్యంగా వాళ్ళకోసమే.

మా ఊళ్ళో టూరింగ్ టాకీస్ ఉండేది. ఒకరోజు రాత్రి ఆటలో రీళ్ళు తారుమారయ్యాయి. హీరో చెల్లెలు చంకలో బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చి ఏడ్చింది. ఆ తర్వాత పది నిమిషాలకి అదే అమ్మాయికి పెళ్ళిచూపులు. నేల టికెట్టు వాళ్ళు కేకలు, ఈలలు. ఎవరో చెప్పు కూడా విసిరారు. నా పక్కన మా మేనత్త మాత్రం కదల్లేదు. "ఇది ముందు జరిగింది లేరా, ఇందాకటిది తర్వాత" అని నాకు చెప్పి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చివరిదాకా చూసింది.

ఆ రాత్రి గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. కాలయాత్ర సినిమా చేసేదీ అదే కదా? రీళ్ళు కావాలనే తారుమారు చేస్తుంది. బిడ్డను ముందు చూపించి, పెళ్ళిచూపులు తర్వాత చూపిస్తుంది. అయినా జనం చెప్పులు విసరరు, నవ్వుతారు. ఎందుకంటే అక్కడ ముందే మనకొక మాట చెబుతారు. ఆ మాట పట్టుకుని మనమందరం మా మేనత్తలా లెక్క సర్దుకుంటూ కూర్చుంటాం.

ఆ మాట ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? అది కాలయంత్రం కాదు, అయినా పాఠం అదే. మూత తీసి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. పెట్టె పేరులోనే రూలు ఉంది. లోపల ఏముందో, ఎలా పనిచేస్తుందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ రూలు ఒక్కటి తెలిస్తే చాలు, ఎవరు పెట్టె దగ్గరికి వెళ్ళినా మనకి ఆత్రం మొదలవుతుంది. ఇప్పుడు రాస్తున్న కుర్రాళ్ళు ప్రొఫెసర్ చేత అయిదు నిమిషాలు సైన్సు చెప్పిస్తున్నారు. వద్దు. ప్రేక్షకుడికి కావలసింది మూడే: ఎక్కడికి వెళతాం, ఎలా తిరిగొస్తాం, ఏం చేస్తే కొంప మునుగుతుంది.

ఇంకా వెనక్కి వెళితే ఈ పద్ధతి మన భాగవతంలోనే దొరుకుతుంది. కకుద్మి అనే రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, ఈమెకి తగిన వరుణ్ణి చెప్పమని అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతోంది. మర్యాద తెలిసినవాడు కాబట్టి పాట అయ్యేదాకా ఆగాడు. అయ్యాక తన మనసులో ఉన్న సంబంధాలు చెప్పాడు. బ్రహ్మ నవ్వాడు. నవ్వాడని వ్యాసుడే రాశాడు. నువ్వు చెప్పినవాళ్ళు, వాళ్ళ కొడుకులు, మనవలు, ముని మనవలు ఎవరూ లేరయ్యా, ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి అన్నాడు. కిందికి వెళ్ళి బలరాముడికి ఇమ్మని చెప్పాడు. ఆ యుగపు పిల్ల కదా, రేవతి చాలా పొడుగు. బలరాముడు నాగలి కొనతో ఆమెను వంచి తన ఎత్తుకి తెచ్చుకున్నాడని విష్ణుపురాణం చెబుతుంది.

హెచ్.జి.వెల్స్ కాలయంత్రం నవల 1895లో వచ్చింది. మన రేవతి కథ అంతకంటే ఎంతో పాతది. అందులో పనితనం చూడండి. ఇక్కడి యుగాలు అక్కడ ఒక్క పాట. అదే రూలు. నవ్వు మాత్రం యుగాల్లోంచి పుట్టలేదు, ఆ తండ్రి దగ్గర పుట్టింది. ప్రపంచమంతా మారిపోయినా ఆయన జేబులో సంబంధాల చీటీ అలాగే ఉంది. ఆడపిల్ల తండ్రి ఏ యుగంలోనైనా ఆడపిల్ల తండ్రే.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, కాలయాత్ర కామెడీకి యంత్రం కంటే అలవాటు ముఖ్యం అని. తన కాలపు అలవాటు వదలని మనిషి ఒకడు కావాలి. వాడు ఎక్కడికి వెళ్ళినా బాకీలు పెడుతూ పోవాలి. ఆ బాకీలు ఇంకో శతాబ్దంలో తీరాలి.

'ఆదిత్య 369' సంగతి మాట్లాడకుండా ఈ విషయం ముగించలేం. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీశారు. 'మాయాబజార్'కి కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. మాటలు జంధ్యాల గారివి. యంత్రం 1526కి, అక్కడి నుంచి 2504కి వెళుతుంది. 1526 అనగానే రాయలవారి సభ. మనకి ఆ సభను ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. రాయలు, అష్టదిగ్గజాలు, తెనాలి రామకృష్ణుడు, అందరూ చిన్నప్పుడే మన ఇంట్లోకి వచ్చేశారు. వెళ్ళబోయే కాలం సగం ప్రేక్షకుడి బుర్రలోనే ఉండాలి. అప్పుడు వివరించే పని తప్పి, నవ్వించడానికి చోటు దొరుకుతుంది. రాయలూ బాలకృష్ణ గారే, ఈ కాలపు కుర్రాడూ ఆయనే కావడం దానికి తోడు. భవిష్యత్తులోకి వెళ్ళాక నవ్వు కొంచెం పలచబడుతుందని నాకనిపిస్తుంది. అది దర్శకుడి లోపం కాదు. 2504 గురించి మన మనసులో ముందే ఏమీ లేదు. ఢీకొట్టడానికి అవతల గోడ లేకపోతే చప్పుడెలా వస్తుంది?

భాష ఇంకో ముఖ్యమైన విషయం. వెనకటి కాలానికి వెళితే అందరూ గ్రాంథికం మాట్లాడాలని మన సినిమా నియమం. నిజంగా రాయల కాలంలో సంతలో కూరగాయలమ్మే ఆవిడ "విచ్చేయుడు" అని పిలిచి ఉండదు. అది మన పద్యనాటకాల నుంచి వచ్చిన అలవాటు, జనం మెచ్చి ఒప్పుకున్నారు. కామెడీ రాసేవాళ్ళకి అది నిధి. ఒకడు "ఏమంటివి?" అంటే ఇంకొకడు "ఏందంటా?" అంటాడు. యంత్రం, సెట్టు, గ్రాఫిక్స్ ఏమీ అక్కర్లేదు, రెండు మాటల మధ్యే అయిదు వందల ఏళ్ళు కనిపిస్తాయి. గుంటూరు యాసలో ఆ మాట పడితే ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పాలా?

మా తాతని చంపితే నేనెలా పుడతాను లాంటి చిక్కుముళ్ళ జోలికి కామెడీలో ఎక్కువ వెళ్ళకండి. ఒక్క చిక్కు చాలు. అది కూడా ఇంట్లో మనుషులకి సంబంధించినదై ఉండాలి.

ఇక ఒక కథ అల్లి చూపిస్తాను, మీలో ఎవరైనా రాసుకోవచ్చు. 'ఆముక్తమాల్యద' మొదట్లోనే ఉంది, రాయలవారు కళింగ యాత్రకు పోతూ విజయవాటిలో, అంటే మన బెజవాడలో, సేనతో కొన్నాళ్ళు విడిది చేశారు. ఇక్కడినుంచే కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఉన్న ఆంధ్ర విష్ణువు సేవకు వెళ్ళారు. అంతకుముందు 1515లో కొండవీటి కోట పట్టుకున్నారు. అంటే మనం కూర్చున్న ఈ నేల మీదే ఆ గుడారాలు.

మన బస్టాండులో గుంటూరు బస్సు బయలుదేరింది. కండక్టర్ నలభై అయిదేళ్ళ మనిషి. వారధి దాటుతుంటే మంచు కమ్మింది. మంచు విడేసరికి వారధి లేదు, ఎదురుగా ఏనుగులు. ఆయనకి అది ఏ శతాబ్దమో పట్టలేదు, చెకింగ్ వాళ్ళు ఎక్కడ పట్టుకుంటారోనని టెన్షన్. ఒక సైనికుడు బస్సెక్కాడు. ఆయన వెంటనే "టికెట్" అన్నాడు. వాడు బంగారు వరహా ఇచ్చాడు. చిల్లర లేదు. టికెట్టు వెనకాల బాకీ రాసి, "దిగేటప్పుడు తీసుకో" అన్నాడు. ఇంతలో మళ్ళీ మంచు, ఆ హడావిడిలో సైనికుడు దిగిపోయాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మిషన్ టికెట్టు పల్చటి కాగితం, దాని వెనక రాసిన బాకీ అయిదు వందల ఏళ్ళు ఎలా ఉంటుంది? నాకు ఈ ప్రశ్న వారం రోజులు నిద్రపట్టనివ్వలేదు. జవాబు ఆ కాలంలోనే దొరికింది.

కొన్నేళ్ళ తర్వాత అదే కండక్టర్, అదే బస్సు. మంగళగిరిలో ఒక ముసలాయన ఎక్కాడు. కూర్చున్నాక భుజం మీద తువ్వాలు తీసి, మూటలోంచి ఒక రాగిరేకు బయటపెట్టాడు. పైన సూర్యుడు, చంద్రుడు, కింద కండక్టర్ గారి చేతిరాత ఉన్నదున్నట్టు చెక్కి ఉంది. "మా పెద్దల నుంచి వస్తోంది బాబూ, దేవుడి గదిలో పెట్టి పూజ చేసుకుంటున్నాం" అన్నాడు. "దిగేటప్పుడు తీసుకోమని ఉంది. నేను ఆత్మకూరు దగ్గర దిగుతాను."

కండక్టర్ బ్యాగులో చెయ్యి పెట్టాడు.