నొప్పి పోయింది, కాలు ఇంకా బాగవ్వలేదు

(తెల్లవారుజాము, ఆర్కే బీచ్ రోడ్డు. నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు. వెనక కురుసుర సబ్‌మెరైన్. వ్యాఖ్యాత ఒంటికాలి మీద నిలబడి ఉంటాడు.)

అందరికీ నమస్కారం. ముందు లేచి నిలబడండి. ఎప్పుడో ఒకప్పుడు బెణికిన కాలు ఉంటుంది కదా, దాని మీద ఒంటికాలితో నిలబడండి. పక్కన గోడ ఉండేలా చూసుకోండి. ఇప్పుడు కళ్లు మూసుకోండి.

ఊగిపోతున్నారా? రెండో కాలు మీద కూడా చూడండి. రెండింటికీ బాగా తేడా కనిపిస్తే ఈ వీడియో మీకే.

(ఫుట్‌పాత్ అంచు, దగ్గరగా.)

నా కాలు బెణికింది ఇదిగో, ఇలాంటి అంచు మీదే. పొద్దున్నే జాగింగ్ చేస్తూ కుక్కని తప్పించబోయి కాలు ఇక్కడ పెట్టాను. పాదం లోపలికి మడతపడి టక్కుమంది. ఇంటికెళ్లేసరికి కోడిగుడ్డంత వాపు. అమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. సున్నం ఎక్కువైతే చర్మం పొక్కుతుంది, అందుకే కాసేపటికి కడిగేశాను. పక్కింటి పెద్దాయనైతే "నూనె రాసి గట్టిగా లాగితే సర్దుకుంటుంది బాబూ" అన్నారు. దానికి మాత్రం ఒప్పుకోలేదు. అప్పుడే దెబ్బతిన్న చోట గట్టిగా తోమితే వాపు పెరుగుతుంది.

(చీలమండ బొమ్మ.)

బయటివైపు ఎముకనీ ఎముకనీ కట్టి ఉంచే మూడు లిగమెంట్లు ఉంటాయి. పాదం లోపలికి మడతపడితే ఎక్కువసార్లు ముందువైపుదే సాగుతుంది, లేదా చినుగుతుంది.

ఎముక విరిగిందేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడాలో 1992లో కొన్ని గుర్తులు ప్రకటించారు. వాటినే ఒట్టావా రూల్స్ అంటారు. దెబ్బ తగలగానే నాలుగడుగులు వేయలేకపోయి, డాక్టరు చూసేటప్పటికీ వేయలేకపోతుంటే ఎక్స్‌రే తీయించాలి. చీలమండకి అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచునో, చివరనో నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా అంతే. పాదం మధ్యలో చిటికెనవేలి వైపు ఎముక నొప్పెట్టినా, లోపలివైపు ఎముక నొప్పెట్టినా అంతే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం నొప్పిని నమ్ముకోవద్దు, నేరుగా డాక్టరుకి చూపించండి.

ఇక ఐసు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్. మూడు దశాబ్దాలు దాటాక ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని మాట మార్చుకున్నారు. నొప్పి తగ్గడానికి బట్టలో చుట్టి పావుగంట పెట్టుకుంటే తప్పేం లేదు. మంచం దిగకుండా రెండు వారాలు పడుకోవడమే తప్పు. ఓర్చుకోగలిగినంత బరువు మోపుతూ, క్రేప్ బ్యాండేజో యాంకిల్ సపోర్టో వేసుకుని మెల్లగా నడవాలి.

నేను అసలు దెబ్బతిన్నది ఇక్కడే. పదో రోజుకి నొప్పి లేదు, వాపు లేదు. షూ వేసుకుని వచ్చేశాను. ఈసారి కుక్క కూడా లేదు, చదునైన రోడ్డు మీదే మళ్లీ మడతపడింది!

(వ్యాఖ్యాత కూర్చుని తన పాదాన్ని అటూ ఇటూ వంచి చూపిస్తాడు.)

ఎందుకంటే, లిగమెంటు ఉత్త తాడు కాదు. అందులో నరాల కొసలుంటాయి. పాదం ఎటు వాలుతోందో అవి మెదడుకి కబురు పంపుతాయి, మనకి తెలిసేలోపే పిక్క పక్కనున్న కండరాలు బిగుసుకుని పాదాన్ని నిలబెడతాయి. దెబ్బతో ఆ కబురు సరిగా అందదు. నొప్పి వారాల్లో పోవచ్చు, లిగమెంటు పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ కబురు అందడం మాత్రం సాధన చేస్తేనే తిరిగొస్తుంది.

నేను చేసిన సాధన పళ్లు తోముకునేటప్పుడు. సింకు పట్టుకుని బెణికిన కాలి మీద 30 సెకన్లు. తర్వాత చెయ్యి వదిలేసి. ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటి మీద నిలబడి. మొదట్లో నురగంతా చొక్కా మీదే పడేది. దాంతోపాటు మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తడం, దించడం. బాగున్న కాలితో ఒక్క కాలి మీద ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టుకోండి. దెబ్బతిన్న కాలు దానికి దగ్గరగా వచ్చేదాకా పరుగు ఊసెత్తొద్దు.

పరుగు కూడా ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. ఎలా ఉందో ఆ పూట తెలియదు, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. వాపో బిగుతో పెరిగితే ఒక మెట్టు వెనక్కి.

(ఇసుక మీద అడుగుజాడలు.)

ఇసుక మెత్తన కదా, కాలికి మంచిదని చాలామంది ముందు ఇటే దిగుతారు. చూడండి, తీరం సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది, పైగా అడుగు కింద నేల కదులుతూనే ఉంటుంది. ఇసుకని అన్నింటికన్నా చివర పెట్టుకోండి. కైలాసగిరి మెట్లు దిగడం కూడా అంతే.

ఆ ఏడాది ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి మా ఇంటిల్లిపాదీ బయల్దేరారు. 32 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. నేను వెళ్లలేదు. అప్పుఘర్ దగ్గర నిలబడి నడిచేవాళ్లకి మజ్జిగ ప్యాకెట్లు అందించాను, ఎడమకాలి మీద కాసేపు, కుడికాలి మీద కాసేపు.